యుద్ధం ఎప్పుడు న్యాయమవుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఒక దేశం యుద్ధానికి దిగడం నైతికంగా ఎప్పుడు సమర్థనీయమన్న విషయం మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. ఒకే ప్రశ్నను పలువురు వేర్వేరు మాటల్లో అడిగిన చోట వాటిని కలిపి ఒక్కటిగా చేశాను.

ప్రశ్న: ప్రతి దేశమూ తాను చేసే యుద్ధం న్యాయమైనదేనని చెప్పుకుంటుంది. దాడి చేసినవాడూ అదే అంటాడు, దాడికి గురైనవాడూ అదే అంటాడు. అలాంటప్పుడు ఫలానా యుద్ధం న్యాయమైనది, ఫలానాది కాదు అని తేల్చడానికి మనలాంటి బయటివాళ్లకు ఏదైనా ఆధారం ఉంటుందా, లేక గెలిచినవాడు చెప్పిందే చివరికి న్యాయంగా చెలామణీ అవుతుందా?

జవాబు: ఆధారం ఉంది. అయితే దాన్ని పాలకుల ప్రసంగాల్లో వెతకకూడదు, యుద్ధానికి ముందు రోజుల్లో వాళ్లు ఏం చేశారో చూడాలి. యుద్ధ న్యాయాన్ని గురించి ఆలోచించినవాళ్లు ఎన్నో శతాబ్దాలుగా షరతులు రూపొందిస్తూ వచ్చారు. 13వ శతాబ్దపు క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్ మూడు షరతులు పెట్టాడు: యుద్ధం ప్రకటించేవాడికి ఆ అధికారం ఉండాలి, ఎదుటి పక్షం నిజంగా తప్పు చేసి ఉండాలి, యుద్ధానికి దిగేవాడి ఉద్దేశం మంచిదై ఉండాలి. తర్వాతి కాలపు ఆలోచనాపరులు వాటికి మరికొన్ని జోడించారు. మిగిలిన దారులన్నీ మూసుకుపోయి ఉండాలని, జరగబోయే నష్టం సాధించదలచిన మేలును మించకూడదని, గెలుస్తామన్న ఆశకు కొంతైనా ఆధారం ఉండాలని అన్నారు. రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత, 1945లో, ఐక్యరాజ్యసమితి చార్టర్ ఈ చర్చను చట్టం రూపంలోకి తెచ్చి, దేశాలు తమంత తాముగా బలప్రయోగం చేయడాన్ని నిషేధించి, రెండు మినహాయింపులు మాత్రమే మిగిల్చింది. సాయుధ దాడి జరిగినప్పుడు ఆత్మరక్షణ చేసుకోవడం మొదటిది, భద్రతా మండలి అనుమతితో బలం ప్రయోగించడం రెండోది.

ఈ షరతులు సరైనవే. చిక్కల్లా ఎక్కడంటే, తన యుద్ధం వీటన్నింటికీ సరిపోయిందని ఏ పాలకుడైనా తేలిగ్గా చెప్పుకోగలడు. అందుకని వీటన్నింటికంటే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలని నేను అనుకుంటాను: ఎదుటి పక్షం ఏం చేస్తే ఈ యుద్ధం అవసరం లేకుండా పోతుంది? దీనికి స్పష్టమైన జవాబు యుద్ధానికి ముందే, అందరి ఎదుటా, నెరవేర్చడానికి వీలైన రూపంలో చెప్పిన దేశం మాట వినదగినది. జవాబు చెప్పలేని దేశమూ, చెప్పిన కోరిక తీరాక కూడా కొత్త కోరిక వెతుక్కునే దేశమూ వేరే దేనికోసమో యుద్ధం కోరుకుంటున్నాయి.

1914 జులైలో జరిగింది దగ్గరగా చూడండి. ఆస్ట్రియా-హంగరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను జూన్ 28న సరయేవోలో కాల్చి చంపారు. ఆ హత్యకు సెర్బియాలో కొందరు అధికారుల తోడ్పాటు ఉంది, కాబట్టి ఆస్ట్రియా ఫిర్యాదు వట్టిది కాదు. కానీ జులై 7న వియన్నాలో జరిగిన మంత్రుల సమావేశంలో, హంగరీ ప్రధాని టిసా తప్ప మిగిలినవాళ్లంతా ఒక అభిప్రాయానికి వచ్చారు: సెర్బియా ముందు పెట్టే కోరికలు దాదాపు తప్పనిసరిగా తిరస్కరణకు గురయ్యేంత కఠినంగా ఉండాలి. జులై 23 సాయంత్రం పది కోరికలతో అల్టిమేటం అందజేసి 48 గంటల గడువు ఇచ్చారు. సెర్బియా ప్రధాని పాషిచ్ 25వ తేదీ సాయంత్రం గడువు తీరడానికి కొద్ది నిమిషాల ముందు స్వయంగా జవాబు పట్టుకెళ్లి ఆస్ట్రియా రాయబారి చేతికిచ్చాడు. కోరికల్లో చాలా వాటికి, కొన్ని మెలికలతోనైనా, అందులో అంగీకారం ఉంది. తమ దేశంలో జరిగే న్యాయ విచారణలో ఆస్ట్రియా అధికారులు పాల్గొనడానికి మాత్రం తమ రాజ్యాంగం ఒప్పుకోదని, కావాలంటే వివాదాన్ని హేగ్ న్యాయస్థానానికో, పెద్ద దేశాల మధ్యవర్తిత్వానికో వదిలేద్దామని అందులో రాశారు. రాయబారి దాన్ని చదివి, ముందే సిద్ధం చేసి ఉంచుకున్న సంబంధాల తెగతెంపుల లేఖ పంపేసి, ఆరున్నర రైలుకు బెల్‌గ్రేడ్ విడిచి వెళ్లిపోయాడు. మూడు రోజుల తర్వాత ఆ జవాబు చదివిన జర్మనీ చక్రవర్తి విల్‌హెల్మ్, ఇక యుద్ధానికి కారణమే లేదని దాని మీద రాశాడు. ఆయన ఆ మాట రాసిన రోజునే ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. ఆ నాలుగేళ్లలో దాదాపు 90 లక్షల నుంచి కోటి మంది దాకా సైనికులు చనిపోయారు.

దీనికి పూర్తిగా భిన్నమైనది మహాభారతంలోని రాయబారం. అర్ధరాజ్యం మీద హక్కున్న ధర్మరాజు ఐదూళ్లిచ్చినా చాలని కబురు పంపాడు. ఆ కోరిక తీర్చడానికి దుర్యోధనుడికి ఏ కష్టమూ లేదు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాకనే యుద్ధం నిశ్చయమైంది. ఎదుటివాడు ఒప్పుకుంటాడేమోనన్న ఆశతో పెట్టే కోరికకూ, ఒప్పుకుంటాడేమోనన్న భయంతో పెట్టే కోరికకూ ఉన్న తేడా ఈ రెండు ఘట్టాల్లో తెలుస్తుంది.

ఆధునిక కాలంలో ఈ పరీక్షకు చాలావరకు నిలిచినది 1991 నాటి కువైట్ యుద్ధం. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన రోజునే, వెనక్కి వెళ్లిపొమ్మని భద్రతా మండలి తీర్మానించింది. నాలుగు రోజుల తర్వాత ఆర్థిక ఆంక్షలు వచ్చాయి. నవంబరు 29 నాటి తీర్మానం జనవరి 15ను గడువుగా పెట్టింది. ఐదు నెలల పాటు కోరిక ఒక్కటే, కువైట్‌ను ఖాళీ చేయాలి. అది నెరవేరాక, ఫిబ్రవరి 28న, అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ సేనలు ఇరాక్ రాజధాని బాగ్దాద్ దాకా వెళ్లకుండా ఆగాయి. ఆ యుద్ధంలో అంతా సవ్యంగా జరిగిందని నేను అనడం లేదు. విద్యుత్ కేంద్రాల మీద బాంబులు వేయడం వల్ల నీటి శుద్ధి, మురుగు పారుదల వ్యవస్థలు పడకేసి, ఆ తర్వాత ఎంతోమంది సామాన్యులు జబ్బుల పాలయ్యారు. న్యాయంగా మొదలైన యుద్ధంలో కూడా ప్రతి దాడికీ విడిగా సమాధానం చెప్పుకోవాల్సిందే. దాని సంగతి మరో పాఠకుడి ప్రశ్నలో వస్తుంది.

ప్రశ్న: శత్రువు దాడికి సిద్ధమవుతున్నాడని తెలిసి కూడా మొదటి దెబ్బ తినేదాకా ఆగమనడం అన్యాయం కాదా? ఈనాటి క్షిపణులకు నిమిషాల వ్యవధి చాలు. ముందుగా కొట్టే హక్కు లేకపోతే ఆత్మరక్షణకు అర్థమేముంది?

జవాబు: మీ వాదనలో బలం ఉంది. మొదటి తూటా ఎవరు పేల్చారన్నది ఒక్కటే చూసి దురాక్రమణదారును నిర్ణయించలేం. అయితే దాడి ఇక క్షణాల్లో జరగబోతున్నప్పుడు కొట్టడం వేరు, ఎప్పటికైనా బలపడి మన మీదికి వస్తాడేమోనని కొట్టడం వేరు. ఈ రెండింటినీ ఒకే మాట కింద కలిపేయడంలోనే మోసమంతా జరుగుతుంది.

ఈ గీత ఎక్కడ గీయాలన్న చర్చ ఒక చిన్న పడవతో మొదలైంది. 1837లో కెనడాలో బ్రిటిష్ పాలన మీద తిరగబడినవాళ్లకు అమెరికా ఒడ్డు నుంచి ‘కారొలైన్’ అనే ఆవిరి పడవ సామగ్రి చేరవేసేది. డిసెంబరు 29 రాత్రి బ్రిటిష్ పక్షం వాళ్లు నయాగరా నది దాటి, అమెరికా ఒడ్డున ఉన్న ఆ పడవకు నిప్పుపెట్టి ప్రవాహంలోకి వదిలేశారు. ఒక అమెరికన్ చనిపోయాడు. అది ఆత్మరక్షణేనని బ్రిటన్ వాదిస్తే, అమెరికా విదేశాంగ మంత్రి డానియల్ వెబ్‌స్టర్ 1841లో రాసిన లేఖలో ఒక కొలత పెట్టాడు. ముప్పు తక్షణమైనదీ, తప్పించుకోలేనిదీ అయి ఉండాలి, మరో మార్గం ఎంచుకోవడానికి గానీ ఆలోచించుకోవడానికి గానీ వ్యవధి ఉండకూడదు, చేసే చర్య ఆ అవసరాన్ని మించకూడదు. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత కూడా అంతర్జాతీయ న్యాయవేత్తలు ఈ కొలతనే ముందు పెట్టుకుని మాట్లాడుతున్నారు.

1967 జూన్ 5న ఇజ్రాయెల్ ఈజిప్టు వైమానిక స్థావరాల మీద మొదట దాడి చేసింది. అంతకు ముందు ఈజిప్టు ఐరాస శాంతి దళాన్ని పంపేసింది, సినాయ్‌లో సేనల్ని మోహరించింది, టిరాన్ జలసంధిని ఇజ్రాయెల్ ఓడలకు మూసేసింది. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ నిజంగా యుద్ధం చేసేవాడా లేదా అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ మూడు వారాల పరిస్థితిలో భయానికి కారణాలు కంటికి కనిపించేవే కాబట్టి, ఆ మొదటి దాడిని సమర్థించేవారి వాదనను నేను కొట్టిపారేయలేను. కానీ ఆ సమర్థన దాడి వరకే వర్తిస్తుంది. అప్పుడు చేజిక్కిన భూముల్లో దశాబ్దాల తరబడి పాతుకుపోవడానికి అది వర్తించదు.

2003లో ఇరాక్ మీద జరిగిన యుద్ధం వేరే కోవకు చెందింది. ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ భద్రతా మండలిలో ఛాయాచిత్రాలు, రికార్డయిన సంభాషణలు పెట్టి, ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని చెప్పాడు. అప్పటికే ఐరాస తనిఖీ బృందాలు ఇరాక్‌లో పనిచేస్తున్నాయి. మిగిలిన పని పూర్తి చేయడానికి ఏళ్లూ అక్కర్లేదు, వారాలూ చాలవు, కొన్ని నెలలు కావాలని వాటి అధిపతి హాన్స్ బ్లిక్స్ మార్చి 7న మండలికి చెప్పాడు. ఆ నెలలు ఇవ్వలేదు. మార్చి 20న దాడి మొదలైంది. ఆ తర్వాత అమెరికాయే నియమించిన పరిశోధక బృందం 2004లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ ఆయుధ నిల్వలు లేవు. ఇక్కడ తప్పు గూఢచారుల సమాచారంలో మాత్రమే ఉందనడం సరికాదు. సమాచారం ఎప్పుడైనా తప్పు కావచ్చు. సరిచూసుకోవడానికి మనుషులూ మార్గమూ వ్యవధీ చేతిలో ఉండగా వాటిని వద్దనుకోవడం తెలిసి చేసిన నిర్ణయం. వెబ్‌స్టర్ అడిగిన ‘ఆలోచించుకునే వ్యవధి లేకపోవడం’ అక్కడ లేనే లేదు.

క్షిపణుల కాలంలో గడువు నిమిషాలకు దిగిందన్న మీ మాట నిజమే. దాన్ని బట్టి తేలేది, ముప్పు తక్షణమైనదని రుజువు చేసే భారం దాడి చేసేవాడి మీద ఇంకా ఎక్కువగా ఉండాలని. ఎందుకంటే ఆ భయం రెండు వైపులా ఉంటుంది. ముందుగా కొట్టే హక్కు అందరికీ ఉందనుకుంటే, ఏ ఉద్రిక్తతలోనైనా రెండు దేశాలూ ఒకేసారి అదే నిర్ణయానికి వస్తాయి.

ప్రశ్న: ఒక ప్రభుత్వం తన సొంత ప్రజల్నే ఊచకోత కోస్తుంటే పొరుగు దేశాలు సార్వభౌమాధికారం పేరు చెప్పి చూస్తూ కూర్చోవాలా? అలాంటి జోక్యం న్యాయమైతే, పెద్ద దేశాలు దాన్నే సాకుగా వాడుకోకుండా ఆపేదెవరు?

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ చరిత్రలో రక్తంతో రాసిన జవాబులు ఉన్నాయి, అవి ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

1994 ఏప్రిల్‌లో ఆఫ్రికా దేశం రువాండాలో టుట్సీ తెగవాళ్ల హత్యాకాండ మొదలైనప్పుడు అక్కడ ఐరాస శాంతి దళం ఉంది. మూడు నెలల్లో దాదాపు ఎనిమిది లక్షల మంది హతమయ్యారు. హత్యలు ముమ్మరంగా సాగుతున్న ఏప్రిల్ 21న భద్రతా మండలి ఆ దళాన్ని బలపరచడానికి బదులు సుమారు 270 మందికి కుదించింది. ఏ దేశమూ ఎవరి సరిహద్దునూ ఉల్లంఘించలేదు, బలప్రయోగం మీద చార్టర్ పెట్టిన నిషేధం ఎక్కడా చెడలేదు. అయినా ఆ నిష్క్రియ ఆ శతాబ్దపు అతిపెద్ద నైతిక వైఫల్యాల్లో ఒకటి. యుద్ధానికి దిగకపోవడం అన్ని వేళలా చేతులు శుభ్రంగా ఉంచుకోవడం కాదు.

1971లో జరిగింది దీనికి మరో వైపు. మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో మొదలుపెట్టిన హత్యాకాండ తూర్పు బెంగాల్ అంతటా పాకింది. సుమారు కోటి మంది సరిహద్దు దాటి భారతదేశంలోకి శరణార్థులుగా వచ్చారు. భారత ప్రభుత్వం నెలల తరబడి ప్రపంచ రాజధానులకు మొరపెట్టుకుంది. ఇందిరా గాంధీ అక్టోబరు, నవంబరు నెలల్లో స్వయంగా పాశ్చాత్య దేశాలు తిరిగి వచ్చారు. శరణార్థులు తిరిగి వెళ్లగలిగే పరిస్థితి కల్పించమన్నది ఆ కోరిక, అది నెరవేర్చదగినదే. డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు భారత స్థావరాల మీద దాడి చేశాక పూర్తిస్థాయి యుద్ధం మొదలైంది. డిసెంబరు 7న ఐరాస సర్వప్రతినిధి సభ 104 ఓట్లతో కాల్పుల విరమణ కోరింది, వ్యతిరేకంగా పడినవి 11 ఓట్లే. అంటే ప్రపంచంలో అత్యధిక దేశాలు ఆనాడు భారత్‌ను సమర్థించలేదు. డిసెంబరు 16న పాకిస్తాన్ పక్షం నుంచి సుమారు 93 వేల మంది లొంగిపోయారు. 1972 మార్చికల్లా భారత సైన్యం బంగ్లాదేశ్ నుంచి వెనక్కి వచ్చేసింది.

పొరుగు దేశాన్ని రెండుగా చీల్చాలన్న వ్యూహ ప్రయోజనం కూడా భారత్‌కు ఉందని విమర్శకులు అంటారు. ఉంది. సరిహద్దు దాటే సైన్యం వెనక ఒక్క కరుణ మాత్రమే ఉన్న సందర్భం చరిత్రలో వెతికినా దొరకడం కష్టం. ఉద్దేశాల స్వచ్ఛత కొలవడం మానవమాత్రుల వల్ల కాదు కాబట్టి, పని పూర్తయ్యాక ఆ సైన్యం ఏం చేసిందో చూడడమే నమ్మదగిన కొలత. ఈ కొలతతోనే మరో ఉదాహరణ చూడండి. 1979 జనవరి 7న వియత్నాం సేనలు కంబోడియా రాజధాని ప్నోమ్‌పెన్ చేరి పోల్‌పాట్ పాలనను అంతం చేశాయి. ఆ పాలనలో 15 నుంచి 20 లక్షల మంది దాకా చనిపోయారు. దాన్ని కూలదోయడం మంచి పని అనడానికి నేను సందేహించను. కానీ వియత్నాం సైన్యం ఆ దేశంలో పదేళ్లు ఉండిపోయింది, తనకు అనుకూలమైన ప్రభుత్వాన్ని నిలబెట్టింది. మరోవైపు వియత్నాం చర్యను ఖండించే తొందరలో ప్రపంచ దేశాలు పోల్‌పాట్ వర్గానికే ఐరాసలో కంబోడియా స్థానాన్ని కొనసాగించాయి. ఈ రెండింటిలో రెండోదే నాకు ఎక్కువ సిగ్గుచేటుగా అనిపిస్తుంది.

ఇక సాకుల విషయం. 1938లో హిట్లర్ చెకోస్లొవేకియాలోని జర్మన్ల రక్షణ పేరుతోనే సుడేటన్ ప్రాంతం అడిగాడు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్తూ, ఆ దేశపు తూర్పు ప్రాంతమైన డోన్‌బాస్‌లో జాతి నిర్మూలన జరుగుతోందని చెప్పింది. ఆ ఆరోపణను బలపరిచే ఆధారం ఏదీ తన ముందు లేదని అంతర్జాతీయ న్యాయస్థానం ఆ మార్చి 16న పేర్కొంది. సాకును గుర్తించడానికి కొన్ని ఆనవాళ్లు ఉన్నాయి. హత్యాకాండ నిజంగా జరుగుతూ ఉంటే శరణార్థులు కనిపిస్తారు, విలేకరులు, సహాయ సంస్థలు, ఇరుగుపొరుగు దేశాలు విడివిడిగా ఒకే విషయం చెబుతాయి. రక్షిస్తామని వెళ్లినవాళ్లు ఆ నేలను తమ దేశంలో కలుపుకున్నారంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

2005 ఐరాస శిఖరాగ్ర సభలో దేశాలన్నీ ప్రజలను కాపాడే బాధ్యత అనే సూత్రాన్ని ఒప్పుకున్నాయి. ఏ దేశమైనా తన ప్రజల్ని జాతి నిర్మూలన నుంచి కాపాడడంలో విఫలమైతే భద్రతా మండలి ద్వారా చర్య తీసుకోవచ్చని దాని సారం. 2011 మార్చిలో లిబియా విషయంలో ఆ సూత్రం ఆధారంగా మండలి అనుమతి ఇచ్చింది. పౌరుల రక్షణకు ఇచ్చిన ఆ అనుమతి కొన్ని నెలల్లో ప్రభుత్వాన్ని కూలదోసే యుద్ధంగా మారింది. లిబియా పాలకుడు గద్దాఫీ చనిపోయాక ఆ దేశాన్ని నిలబెట్టే బాధ్యత ఎవరూ తీసుకోలేదు, సాయుధ ముఠాల పోరులో దేశం చీలిపోయింది. అడిగిన అనుమతి దాటి పోయినందువల్ల, తర్వాత సిరియాలో నిజమైన అవసరం వచ్చినప్పుడు మండలిలో నమ్మకమన్నది మిగల్లేదు.

ప్రశ్న: హింస ఏ రూపంలో ఉన్నా తప్పే. న్యాయమైన యుద్ధం అనే ఆలోచనే యుద్ధాలకు ముసుగు వేసి బతికిస్తోందని నా అభిప్రాయం. మీరు దాన్ని ఎందుకు వదులుకోరు?

జవాబు: మీ అభిప్రాయాన్ని నేను గౌరవిస్తాను, అది లోకంలో లేకపోతే పాలకుల్ని సంజాయిషీ అడిగేవాళ్లు ఇంకా తగ్గిపోయేవారు. అయినా మీతో పూర్తిగా ఏకీభవించలేకపోతున్నాను. కళింగ యుద్ధంలో లక్ష మంది హతులయ్యారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, అంతకు ఎన్నో రెట్ల మంది ఇతరంగా చనిపోయారని, దానికి తాను పశ్చాత్తాపపడుతున్నానని అశోకుడు తన 13వ శిలాశాసనంలో చెక్కించాడు. గెలిచిన రాజు తన గెలుపును తప్పుగా ఒప్పుకున్న అలాంటి శాసనం పురాతన లోకంలో మరొకటి దొరకడం అరుదు. అదే శాసనంలో, అడవి తెగలను మంచిమాటలతో దారికి తెచ్చుకోవాలనుకుంటున్నానంటూనే, పశ్చాత్తాపపడినా తనకు శిక్షించే శక్తి ఉందని వాళ్లు గుర్తుంచుకోవాలని కూడా ఆయన రాయించాడు. యుద్ధాన్ని అంతగా అసహ్యించుకున్నవాడు కూడా సైన్యాన్ని రద్దు చేయలేదు. గాంధీజీ సైతం పిరికితనానికీ హింసకూ మధ్య ఒకటి ఎంచుకోక తప్పకపోతే హింసనే ఎంచుకోమంటానని 1920లో రాశారు. నాకు హాని జరిగినప్పుడు నేను చేయి ఎత్తకుండా ఉండడం నా త్యాగం అవుతుంది. నా వెనక దాక్కున్న పసివాళ్లకు హాని జరుగుతున్నప్పుడు అదే నిర్ణయం వాళ్లను బలి ఇస్తుంది, ఆ త్యాగాన్ని వాళ్ల తరఫున చేసే హక్కు నాకు లేదు. దేశం పేరిట నిర్ణయించేవాళ్ల స్థితి ఎప్పుడూ ఈ రెండోదే.

ప్రశ్న: మన పక్షం న్యాయమైనప్పుడు, ఎదుటివాడు ఏ నియమమూ పాటించనప్పుడు, మనం మాత్రం చేతులు కట్టుకుని యుద్ధం చేయాలా? త్వరగా గెలిస్తే రెండు వైపులా ప్రాణాలు దక్కుతాయి కదా.

జవాబు: ఈ వాదన ప్రతి యుద్ధంలోనూ వినిపిస్తుంది, దీనికి లొంగినవాళ్లలో మంచి పక్షాలు కూడా ఉన్నాయి. హిట్లర్‌ను ఓడించడం కంటే న్యాయమైన కారణం ఆధునిక చరిత్రలో చూపించలేం. అయినా 1942 నుంచి బ్రిటిష్ బాంబర్ల దళం జర్మన్ కార్మికుల నివాసాలతో సహా మొత్తం నగరాల్నే లక్ష్యంగా పెట్టుకుంది. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో సుమారు పాతిక వేల మంది చనిపోయారు. ఆ మార్చి 9 రాత్రి అమెరికన్ విమానాలు టోక్యో మీద కురిపించిన నిప్పులో దాదాపు లక్ష మంది చనిపోయారు, వారిలో అత్యధికులు సామాన్య జనం. యుద్ధం మధ్యలో, 1944 ఫిబ్రవరి 9న, బిషప్ జార్జ్ బెల్ బ్రిటిష్ ప్రభువుల సభలో లేచి, నగరాల్ని నగరాలుగా తుడిచిపెట్టడం ఏ న్యాయం కింద సబబని తన ప్రభుత్వాన్నే నిలదీశాడు. ఆయన నాజీలను మొదటి నుంచీ వ్యతిరేకించినవాడు, జర్మనీలోని హిట్లర్ వ్యతిరేకులతో సంబంధాలు ఉన్నవాడు. కాబట్టి ఆయన ప్రశ్నను శత్రువు మీద జాలిగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

యుద్ధానికి దిగడం న్యాయమా అన్నదీ, యుద్ధంలో చేస్తున్నది న్యాయమా అన్నదీ రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి అవునన్న జవాబు రెండోదానికి చెల్లదు. 1949 నాటి జెనీవా ఒప్పందాలు, వాటికి 1977లో చేర్చిన ప్రోటోకాల్ ఈ మాటనే చట్టంగా చెబుతాయి: పౌరుల్ని లక్ష్యంగా చేసుకోరాదు, సైనిక లక్ష్యం మీద దాడిలోనైనా దక్కే సైనిక ప్రయోజనానికి మించి పౌరులకు హాని జరిగేటట్లయితే ఆ దాడి ఆపుకోవాలి. ఎదుటివాడు నియమం తప్పాడన్నది ఇక్కడ సాకుగా పనికిరాదు, ఎందుకంటే ఆ నియమాలు ఉన్నది ఎదుటి సైన్యాన్ని కాపాడడానికి కాదు, ఏ సైన్యానికీ చెందని పసివాళ్లనూ ముసలివాళ్లనూ కాపాడడానికి. నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామ కూడా తన తండ్రిని అధర్మంగా చంపారన్న కారణమే చెప్పాడు. ఆ కారణం నిజమే. ఆ నిజం ఆ రాత్రి చేసిన పనిని రవ్వంతైనా కడగలేదు.

త్వరగా గెలిస్తే ప్రాణాలు దక్కుతాయన్న లెక్క గురించి ఒక్కమాట. దక్కబోయే ప్రాణాలు అంచనా మాత్రమే, పోయే ప్రాణాలు నిశ్చయం. ఆ అంచనా వేసేది కూడా బాంబు వేయాలని ముందే అనుకున్నవాళ్లే.

ప్రశ్న: గెలిచే ఆశ లేని చిన్న దేశం పోరాడడం తన ప్రజల్ని అనవసరంగా చావుకు పంపడం కాదా?

జవాబు: గెలిచే అవకాశం ఉండాలన్న షరతు దాడికి దిగేవాళ్లను అదుపు చేయడానికి పుట్టింది, దాడికి గురైనవాళ్లను లొంగదీయడానికి కాదు. 1939 నవంబరు 30న సోవియట్ సేనలు ఫిన్లాండ్ మీదికి వచ్చినప్పుడు ఆ దేశపు జనాభా నలభై లక్షలకు లోపే. వాళ్లు 105 రోజులు పోరాడి, పాతిక వేల మందికి పైగా సైనికుల్ని, దాదాపు పదో వంతు భూభాగాన్ని కోల్పోయి సంధి చేసుకున్నారు, స్వాతంత్ర్యం మాత్రం నిలుపుకున్నారు. 1940 ఏప్రిల్ 9న జర్మన్ దాడి జరిగినప్పుడు డెన్మార్క్ కొన్ని గంటల్లోనే లొంగిపోయింది. మూడేళ్ల తర్వాత అదే డెన్మార్క్ ప్రజలు ఏడు వేల మందికి పైగా యూదుల్ని రహస్యంగా పడవల్లో స్వీడన్‌కు చేర్చి కాపాడారు. ఈ రెండు దేశాల్లో ఒకదాన్ని వీరులనీ రెండోదాన్ని పిరికివాళ్లనీ అనడానికి నా మనసు ఒప్పదు. ప్రాణాలు పోయేది ఎవరివో వాళ్లే తేల్చుకోవాల్సిన విషయం అది, సురక్షితంగా దూరాన ఉన్నవాళ్లు ‘పోరాడండి’ అనడమూ ‘లొంగిపోండి’ అనడమూ రెండూ అనుచితమే.

ప్రశ్న: ప్రభుత్వం దగ్గర ఉండే రహస్య సమాచారం మామూలు పౌరుడికి ఉండదు. అలాంటప్పుడు యుద్ధం వేళ ప్రభుత్వాన్ని నమ్మడం తప్ప పౌరుడు చేయగలిగేది ఏముంది?

జవాబు: చాలా ఉంది. 1964 ఆగస్టులో వియత్నాం తీరంలోని టోంకిన్ అఖాతంలో తమ ఓడల మీద రెండోసారి దాడి జరిగిందని అమెరికా ప్రభుత్వం చెప్పగానే, మూడు రోజుల్లో కాంగ్రెస్ అధ్యక్షుడికి విస్తృతమైన యుద్ధాధికారాలు కట్టబెట్టింది. సెనేట్‌లో ఇద్దరే వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ రెండో దాడి జరగనే లేదని తర్వాత తేలింది. 2003 మార్చి 17న బ్రిటిష్ మంత్రి రాబిన్ కుక్ రాజీనామా చేసి, అంతకు ముందు విదేశాంగ మంత్రిగా పనిచేసిన అనుభవంతో, సాధారణంగా అర్థం చేసుకునే అర్థంలో ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలు బహుశా లేవని సభలో చెప్పాడు. మర్నాడు సభ 149కి వ్యతిరేకంగా 412 ఓట్లతో యుద్ధాన్ని ఆమోదించింది. శాంతియుత మార్గాలన్నీ అయిపోక ముందే బ్రిటన్ యుద్ధంలో చేరిందని, ఆ యుద్ధం మీద బ్రిటన్‌లోనే వేసిన చిల్‌కాట్ విచారణ సంఘం తేల్చి చెప్పేసరికి 2016 జులై వచ్చింది.

కాబట్టి రహస్యాలు తెలియకపోయినా పౌరుడు అడగగలిగినవి ఉన్నాయి. ఎదుటి పక్షం ఏం చేస్తే ఈ యుద్ధం ఆగుతుందో ప్రభుత్వం చెప్పిందా? ఆ కోరిక వారం వారం మారుతోందా? సరిచూసుకోవడానికి ఉన్న మార్గాలను వాడారా, మధ్యలో ఆపేశారా? ప్రశ్నించినవాళ్లకు జవాబు చెబుతున్నారా, దేశద్రోహులంటున్నారా? యుద్ధం ముగిశాక ఆ దేశాన్ని ఏం చేయదలచుకున్నారు? వీటిలో ఏ ఒక్కదానికీ గూఢచారి నివేదిక అవసరం లేదు. వీటిని మొదటి తూటా పేలకముందే అడగాలి. ఒకసారి సైనికులు సరిహద్దు దాటాక, వాళ్ల ప్రాణాల పేరు చెప్పి ఏ ప్రశ్ననైనా నోరు మూయించడం ఏ ప్రభుత్వానికైనా తేలిక.